అరిగిన చాకు, దాచిన చాకు

చురుకైన పిల్లవాణ్ణి తెలుగులో చాకులాంటి కుర్రాడంటారు. కత్తిలాంటివాడన్నా నడుస్తుంది గాని, చాకు అన్నప్పుడు ఆ మాటలో చిన్నతనమూ చురుకుదనమూ కలిసి వినిపిస్తాయి. పారశీకం నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన ఈ పేరు జేబులో పట్టేంత మడత కత్తిది. బ్లేడు పిడిలోకి ముడుచుకుని ఉంటుంది, గోటితో లాగితే తెరుచుకుంటుంది. పెన్సిలు చెక్కడం, మామిడికాయ ముక్కలు కోయడం, మూటకు కట్టిన పురికొస తెంపడం, వేపపుల్ల కోసుకోవడం దాని పనులు.

ఏ పని చేసినా పదును కొంత పోతుంది. సానరాయి మీద నూరితే తిరిగి వస్తుంది, కాని నూరిన ప్రతిసారీ ఇసుమంత ఉక్కు రాయికే పోతుంది. పదేళ్లు రోజూ వాడిన చాకు బ్లేడు సన్నబడి, అంచు మధ్యలో లోపలికి గుంటపడి, ముడిచినప్పుడు మొన పిడిలో దాగక పైకి పొడుచుకొస్తుంది. అది జేబు గుడ్డను చింపడం మొదలుపెట్టాక మనిషి దాన్ని పారేసి కొత్తది కొంటాడు. అందువల్ల చాకుల చరిత్ర రాసేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. బాగా పనిచేసిన చాకులు మిగల్లేదు. మ్యూజియాల్లో, సేకరణల్లో ఈనాడు కనిపించేవాటిలో ఎక్కువ భాగం పెద్దగా పని చూడనివి. చాకును వాడాలా, మచ్చపడకుండా దాచాలా అనే మాట ఈ తరం సేకర్తలు తెచ్చింది కాదు. ఇంగ్లండులోని షెఫీల్డ్ పట్టణంలో 200 ఏళ్ల కిందటే ఈ రెండు దారులూ ఒకే కార్ఖానా లోపలినుంచి బయల్దేరాయి.

మడత కత్తి షెఫీల్డ్ కంటే చాలా పాతది. కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో రోమన్ల కాలపు పరికరం ఒకటుంది. చెంచా, ఫోర్కు, మొలలాంటి పుడక, ఇనుప బ్లేడు అన్నీ ఒకే వెండి పిడిలోకి మడుచుకుంటాయి. అందులో వెండి చెక్కుచెదరలేదు. పని చేయవలసిన ఇనుప బ్లేడు మాత్రం తుప్పుపట్టి చాలావరకు పోయింది. మధ్యయుగాల యూరపులో భోజనానికి కూర్చున్నవాడు తన కత్తి తానే తెచ్చుకునేవాడు, వడ్డించే ఇంటివారు కత్తులు ఇవ్వడం తరవాతి అలవాటు. 14వ శతాబ్దం చివర చాసర్ రాసిన కాంటర్బరీ కథల్లో ఒక పిండిమర యజమాని మేజోడులో షెఫీల్డ్ కత్తి పెట్టుకుని తిరుగుతాడు. కథలో పాత్ర మొరటుతనం తెలియడానికి ఆ ఊరి పేరు చాలిందంటే, అప్పటికే అక్కడి కత్తి సామాన్యుల ఒంటిమీద వస్తువై ఉండాలి.

షెఫీల్డ్‌ను కత్తుల ఊరిగా చేసింది నేల. కొండలమీంచి దిగే డాన్, షీఫ్, పోర్టర్, లాక్స్‌లీ, రివెలిన్ అనే అయిదు చిన్న నదులు సాన చక్రాలను తిప్పాయి. ఆ చక్రాలకు కావలసిన ఇసుకరాయి చుట్టుపక్కలే దొరికింది. 1624లో పార్లమెంటు చట్టంతో హాలమ్‌షైర్ కత్తిపనివారి సంఘం ఏర్పడి, ప్రతి పనివాడి ముద్రనూ నమోదు చేసుకునేది. ఒకరి ముద్ర మరొకరు కొట్టకూడదు. మడత కత్తి చూడడానికి చిన్నదే గాని ఒక మనిషి పని కాదు. కొలిమి దగ్గర ఒకరు బ్లేడు సాగగొడితే, చక్రం దగ్గర ఇంకొకరు సానపట్టేవారు. మూడో మనిషి బ్లేడును, వెనక స్ప్రింగును, పిడి చెక్కలను మేకులతో కూర్చి, తెరిచినప్పుడూ మూసినప్పుడూ టక్కుమని ఒకే చప్పుడు వచ్చేదాకా ఆకురాయితో సరిదిద్దేవాడు. బిగువు ఎక్కువైతే గోరు విరుగుతుంది, తక్కువైతే బ్లేడు వేళ్లమీదికి ముడుచుకుంటుంది. మంచి చాకు అనే మాటకు అర్థం ఆ స్ప్రింగులో ఉండేది.

17వ శతాబ్దంలో ఇక్కడే పుట్టిన బార్లో చాకు పనివాళ్ల చాకుకు నమూనా. పిడి ముందు భాగం పొడుగ్గా ఇనుముతో ఉంటుంది, బ్లేడు కదిలే చోట ఒత్తిడి తట్టుకోవడానికి. అలంకారం లేదు, ధర తక్కువ. అట్లాంటిక్ దాటి అమెరికా రైతుల జేబుల్లోకి ఇది లెక్కలేనన్ని పోయింది.

తరవాతి శతాబ్దంలో ఉక్కు కూడా మారింది. డాన్‌కాస్టర్‌లో గడియారాలు చేసే బెంజమిన్ హంట్స్‌మన్ స్ప్రింగులకు సరైన ఉక్కు దొరక్క, 1740లలో షెఫీల్డ్ దగ్గర ఉక్కును మట్టి మూసల్లో పూర్తిగా కరిగించి పోతపోయడం సాధించాడు. మూసలో ఉక్కు తయారీ యూరపుకు కొత్త. తెలంగాణకు కాదు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో కమ్మరులు మూసల్లో చేసిన ఉక్కు ముద్దల కోసం ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చి కూర్చునేవారని హెన్రీ వాయిసీ రాసిన నివేదిక 1832లో అచ్చయింది. యూరపులో ఆ ఉక్కుకు 'వూట్జ్' అనే పేరు స్థిరపడింది. దక్షిణాది భాషల 'ఉక్కు' అనే మాటకే అది వికృతి అని పండితులు చెబుతారు. 1790లలో బొంబాయి నుంచి లండన్ రాయల్ సొసైటీకి ఈ ఉక్కు ముద్దలు వెళ్లినప్పుడు, దాన్ని పరీక్షించడానికి జేమ్స్ స్టోడార్ట్ అనే లండన్ కత్తిపనివాడు ముందుగా చేసి చూసినది చిన్న పెన్‌నైఫ్. జార్జ్ పియర్సన్ 1795 నాటి తన పత్రంలో దాని పదును మేలైన ఉక్కు కత్తులకు తీసిపోలేదని నమోదు చేశాడు. మైఖేల్ ఫారడే స్టోడార్ట్‌తో కలిసి ఉక్కు మిశ్రమాల మీద చేసిన ప్రయోగాలకు దారి తీసింది ఆ కుతూహలమే. ఉక్కు గొప్పతనాన్ని అక్కడ కోసి చూసి తేల్చారు, కంటితో చూసి కాదు.

పెన్‌నైఫ్ అంటే పెన్నును చెక్కే కత్తి. పక్షి ఈకలతో రాసినంత కాలం ఈక మొన మొద్దుబారినప్పుడల్లా కొత్తగా చెక్కుకోవలసిందే. రాసే ప్రతివాడికీ కలందానుతో పాటు చిన్న చాకు ఉండితీరాలి. ఈస్టిండియా కంపెనీ కచేరీల్లో కలాలు చెక్కడం, కాగితాలకు గీతలు కొట్టడం, దస్త్రాలు కుట్టడం దఫ్తరీ అనే ఉద్యోగి పని. తాటాకుల మీద రాసే దక్షిణాదిలోనూ ఇలాంటి జత ఉంది. పాత ఘంటాల్లో కొన్నిటికి అదే పిడిలో చిన్న కత్తి కూడా అమర్చి ఉంటుంది, ఆకు అంచులు కోసి సరిచేయడానికి. 1820, 30లలో బర్మింగ్‌హామ్ యంత్రాల మీద ఉక్కు పాళీలు వేలకొద్దీ తయారవడంతో ఈకల అవసరం పోయింది. పెన్‌నైఫ్ పేరు మాత్రం ఉండిపోయింది. పని పోయాక పేరు మిగిలిన ఆ కాలంలోనే కత్తిని చూపుకోసం చేయడం షెఫీల్డ్‌లో జోరందుకుంది. ఒకదానివల్లే ఇంకొకటి జరిగిందని చెప్పలేం గాని, రెండూ కలిసి నడిచాయి.

ఆ పనిలో ముందున్నది జోసెఫ్ రాడ్జర్స్ అండ్ సన్స్. నక్షత్రం, మాల్టా శిలువ ఈ సంస్థ ముద్ర. 1822లో ఈ కార్ఖానా 1822 బ్లేడులతో ఒకే ఒక మడత కత్తిని తయారుచేసింది. ఏ సంవత్సరమో అన్ని బ్లేడులు, అందుకే దాని పేరు ఇయర్ నైఫ్. తరవాత ఏళ్లు గడిచేకొద్దీ బ్లేడులు చేర్చుతూ 2000 దాకా తెచ్చారు. తెరిచి ఉంచితే ముళ్లపందిలా కనిపించే ఆ వస్తువుతో ఎవరూ ఏమీ కోయలేరు. 1851లో లండన్ మహాప్రదర్శనకు అదే సంస్థ నార్‌ఫోక్ కత్తిని పంపింది. దానికి 75 బ్లేడులు, పనిముట్లు, చెక్కడపు పని చేసిన ముత్యపుచిప్ప పిడి, బ్లేడుల మీద ఆమ్లంతో తొలిచిన చిత్రాలు. చేతిలో ఇమిడే వస్తువు కానే కాదు, బల్లమీద నిలబెట్టి చూడవలసినది.

ఇలాంటి కత్తులను కొనుగోలుదారు కోసం చేయలేదు. పనివాడి చేతికి హద్దు ఎక్కడుందో లోకానికి చూపడానికి చేశారు. 75 బ్లేడులు ఒకదానికొకటి రాసుకోకుండా ముడుచుకోవాలంటే ప్రతి బ్లేడు మందం, ప్రతి స్ప్రింగు బలం వెంట్రుకవాసిలో కుదరాలి. ఆ నైపుణ్యం పెరిగింది మాత్రం రోజుకు డజన్ల లెక్కన చేసే చవక చాకుల దగ్గరే. నార్‌ఫోక్ కత్తిని మెచ్చుకునేవారు బార్లో చాకును కూడా తలుచుకోవడం న్యాయం.

దీనికి చెల్లించిన మూల్యం కూడా చెప్పుకోవాలి. ఇసుకరాయి చక్రం మీద ఉక్కు పెట్టినప్పుడు రాతిపొడి, ఉక్కుపొడి గాలిలో లేస్తాయి. చక్రం నీళ్లలో తడుస్తూ తిరిగితే కొంత నయం. ఫోర్కులవంటివాటిని పొడి చక్రం మీద పట్టేవారికి ఆ కాస్త రక్షణా లేదు. వంగి కూర్చుని ఆ దుమ్ము పీల్చినవారికి ఊపిరితిత్తులు రాయిగా మారే జబ్బు వచ్చేది. పొడి చక్రం పనివారి సగటు ఆయుర్దాయం 35 ఏళ్లకు మించదని, తడి చక్రం వారిది 45 దాటడం అరుదని షెఫీల్డ్ వైద్యుడు నైట్ వేసిన అంచనాను ఫ్రెడరిక్ ఏంగెల్స్ 1845 నాటి తన ఇంగ్లండు కార్మికుల పుస్తకంలో ఉటంకించాడు. అద్దంలా మెరిసే బ్లేడు కావాలంటే చక్రం దగ్గర ఇంకా ఎక్కువసేపు కూర్చోవాలి. మచ్చలేని కత్తికి ధర కట్టేటప్పుడు ఈ లెక్క ఎవరూ వేయలేదు.

పిడుల కథలో భారతదేశం ఉంది. షెఫీల్డ్‌లో దుప్పికొమ్ము పిడి అంటే చాలావరకు ఇక్కడి అడవుల కణుజు, అంటే సాంబారు దుప్పి, ఏటేటా రాల్చే కొమ్మే. లోపల గుల్ల తక్కువ, పైన గరుకు ఎక్కువ, తడి చేతిలోనూ జారదు. పనికి పనికొచ్చే గుణం వల్ల ఎన్నుకున్న ఆ కొమ్మే తరవాత సేకర్తలు అందంకోసం వెతికే సరుకైంది. భారత ప్రభుత్వం ఎగుమతి ఆపేశాక పాత కొమ్ము పిడి చాకుల విలువ ఇంకా పెరిగింది.

వాడకానికీ సొంతం చేసుకున్న సంతోషానికీ ఉన్న దూరాన్ని మార్క్ ట్వేన్ 1876లో పిల్లల కథగా పట్టుకున్నాడు. టామ్ సాయర్ బైబిలు వాక్యాలు వప్పజెప్పినందుకు అక్క వరసైన మేరీ అతనికి బార్లో చాకు ఇస్తుంది. అది ఏమీ కోయదు. అయినా అసలు సిసలు బార్లో తన దగ్గరుందన్న ఆనందంతో ఆ పిల్లవాడు ఒళ్లు మరిచిపోతాడు, వెంటనే ఇంట్లో బీరువా చెక్కను గీకడం మొదలుపెడతాడు. చాకును ప్రేమించే ఎవరి మనసులోనైనా ఈ రెండూ ఉంటాయి: ఉన్నదన్న తృప్తి, దేనిమీదో ఒకదానిమీద పెట్టి చూడాలన్న ఆరాటం.

19వ శతాబ్దం చివరకు పని చాకు యూరపులో కొత్త రూపాలు తీసుకుంది. ఫ్రాన్సులోని సవ్వా కొండల్లో జోసెఫ్ ఒపినెల్ 1890లో ఒక కర్రపిడి, ఒక బ్లేడు, ఒక మేకుతో చాకు చేశాడు. 1897 నాటికి 1 నుంచి 12 దాకా సైజులు వచ్చాయి. బ్లేడు జారి ముడుచుకోకుండా తిప్పే ఇనుప ఉంగరం 1955లో చేరింది. పాలేరు, తోటమాలి, వడ్రంగి కొనుక్కునే ఈ చవక చాకును 1985లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ప్రపంచంలోని వంద అందమైన వస్తువుల్లో ఒకటిగా ఎంచింది. అందంకోసం కాకుండా పనికోసం గీసిన గీతకు దక్కిన గౌరవమది. స్విట్జర్లండులో సైన్యం 1891లో సిపాయిలకు ఇచ్చిన చాకులో బ్లేడుతో పాటు డబ్బా మూత తీసేది, బెజ్జం చేసేది, తుపాకి విప్పే స్క్రూడ్రైవరు ఉన్నాయి. కార్ల్ ఎల్సెనర్ 1897లో నమోదు చేయించిన అధికారుల చాకు నుంచే ఈనాటి ఎర్రపిడి స్విస్ చాకు వచ్చింది.

1913లో షెఫీల్డ్‌లోనే హ్యారీ బ్రియర్లీ క్రోమియం కలిపిన, తుప్పుపట్టని ఉక్కును తయారుచేశాడు. ఊళ్లోని కత్తిపనివారు మొదట దాన్ని కోయని కత్తులకు తగిన ఉక్కని కొట్టిపారేశారు. నిజానికి దాచే పద్ధతిని, వాడే పద్ధతిని ఇంతగా మార్చిన లోహం ఇంకొకటి లేదు. అంతకుముందు కార్బన్ ఉక్కు చాకును తుడిచి నూనె పూయకపోతే రెండు రోజుల్లో ఎర్రబడేది. మామిడికాయో నిమ్మకాయో కోస్తే బ్లేడు మీద నీలం కలిసిన బూడిదరంగు పొర కట్టేది. వాడేవారు ఆ పొరను తోమెయ్యరు, ఎర్రతుప్పు తొందరగా పట్టకుండా అది కాస్త అడ్డుకుంటుంది. సేకర్తకు అదే పొర మచ్చ. ఒకే రంగు ఒకరికి రక్షణ, ఇంకొకరికి నష్టం.

జపాన్‌లో చాకు పోయిన తీరు వేరు. మికి పట్టణంలో 1890ల నుంచి తయారైన హిగోనోకామి చాకుకు స్ప్రింగు లేదు, రేకు మడిచిన పిడి, బొటనవేలితో నొక్కి పట్టుకునే చిన్న తోక మాత్రమే. బడిపిల్లలందరూ పెన్సిళ్లు దానితోనే చెక్కుకునేవారు. 1960 అక్టోబరు 12న సోషలిస్టు నాయకుడు అసనుమాను ఒక 17 ఏళ్ల కుర్రాడు వేదికమీద పొట్టి ఖడ్గంతో పొడిచి చంపాడు. ఆయుధం ఈ చాకు కాదు. అయినా పిల్లల చేతికి కత్తి ఇవ్వకూడదన్న ఉద్యమం దేశమంతా లేచింది, పెన్సిలు చెక్కే యంత్రాలు వచ్చాయి, మికిలో కొలిములు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఈరోజు ఆ చాకును ఎక్కువగా కొనేది విదేశీ అభిరుచిపరులు.

మిగతా దేశాల్లోనూ చాకు పనులను ఇతర వస్తువులు పంచుకున్నాయి. పెన్సిలుకు షార్పనరు, డబ్బాకు లాగితే వచ్చే మూత, పొట్లానికి చింపే అంచు వచ్చాయి. పని తగ్గిన చోట సేకరణ పెరిగింది. అమెరికాలో కేస్ అనే కంపెనీ 1970లో ముద్ర కింద పది చుక్కలు వేసి, ఏడాదికొకటి చొప్పున తీసేస్తూ పోయింది. ఏ చాకు ఏ ఏడాదిదో తెలిసిపోవడంతో నాణేల్లాగే సంవత్సరాలవారీగా కూర్చేవారు తయారయ్యారు. అదే ఏడాది చేతితో కత్తులు చేసేవారి గిల్డు మొదలైంది. 'మింట్' అనే మాట నాణేల నుంచి చాకులకు వచ్చింది. ఎన్నడూ వాడనిది, ఎన్నడూ నూరనిది అని దాని అర్థం. ఒక్కసారి సానరాయి తగిలినా చాకు ఆ తరగతి నుంచి దిగిపోతుంది.

దాచినంతమాత్రాన చాకు నిలుస్తుందన్న నమ్మకం లేదు. 20వ శతాబ్దం మొదట్లో పిడులకు విరివిగా వాడిన సెల్యులాయిడ్ ఏళ్లు గడిచాక తనంతట తానే కుళ్లి ఆమ్లపు ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి తన బ్లేడునే కాక అదే పెట్టెలో పక్కనున్న చాకులను కూడా తినేస్తుంది. తోలు సంచిలో మూసిపెట్టిన ఉక్కు తోలులోని లవణాలకూ తేమకూ మరకలు పడుతుంది. కాబట్టి మచ్చలేకుండా ఉంచాలనుకున్నవారు కూడా నెలకోసారి తీసి, గాలి తగలనిచ్చి, పలచగా నూనె రాసి, మడత దగ్గర దుమ్ము తుడవాలి. దాచడం కూడా ఒక చాకిరీయే, ఆ చాకిరీ చేసినవారి వల్లే బార్లో చాకు కొత్తగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో ఈనాటివారికి తెలుస్తున్నది.

1981లో స్పైడర్కో కంపెనీ 'వర్కర్' పేరుతో తెచ్చిన చాకుకు బ్లేడులో గుండ్రని రంధ్రం, పిడికి జేబు అంచున తగిలించే క్లిప్పు ఉన్నాయి. పనిలో ఉన్నవాడు ఒంటిచేత్తో తెరవడానికి చేసిన ఏర్పాటు అది. జేబు అడుగున ఉండే చాకు ఆ క్లిప్పుతో పైకి కనిపించేదైంది. దక్షిణాఫ్రికాలో మొదలై అమెరికాకు మారిన క్రిస్ రీవ్ తన టైటానియం చాకుకు సెబెంజా అని పేరుపెట్టాడు. జులూ భాషలో అది పనికి సంబంధించిన మాట. వందల డాలర్ల ధర పలికే ఆ చాకును కొన్నవారిలో వాడేవారూ ఉన్నారు, గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టేవారూ ఉన్నారు. తయారుచేసినవాడి ఉద్దేశం మాత్రం పేరులోనే ఉంది.

చట్టాలు ఈ విషయాన్ని తమ పద్ధతిలో చూస్తాయి. బ్రిటన్‌లో 1988 నాటి చట్టం ప్రకారం అంచు 3 అంగుళాలకు మించని, తెరిచినప్పుడు లాక్ పడని మడత చాకును కారణం చెప్పకుండా జేబులో ఉంచుకోవచ్చు. భారతదేశపు ఆయుధ నిబంధనలు 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న కత్తులను ఆయుధాలుగా లెక్కిస్తూ, ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్రానికి, పరిశ్రమకు చేసినవాటిని మినహాయిస్తాయి. ఇక్కడ చాకు పేరు చెడగొట్టింది సినిమా. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ చాకు హిందీ చిత్రాల్లో గూండా చేతి గుర్తైపోయి, దాన్ని చేసే కుటుంబాల జీవనం దెబ్బతిన్నది. 2023లో ఆ పట్టణం కూడలిలో 6 మీటర్లు దాటిన చాకు విగ్రహం నిలబెట్టారు. కొడగులో పీచెకత్తి ఇంకో దారి పట్టింది. వెండి తొడుగుతో నడికట్టులో దోపుకునే ఆ కత్తి ఇప్పుడు పెళ్లిళ్లలో, పండుగల్లో సంప్రదాయ దుస్తుల్లో భాగం.

షెఫీల్డ్‌లో ఒంటరిగా పనిచేసే పాతతరం చాకుపనివారిని 'లిటిల్ మెస్టర్' అంటారు. వారిలో చివరివారిగా పేరొందిన స్టాన్ షా 14, 15 ఏళ్ల వయసులో ఐబర్సన్ కార్ఖానాలో చేరి, తొంభై దాటేదాకా ముత్యపుచిప్ప, కొమ్ము పిడుల చాకులు చేసి, 2021లో కన్నుమూశాడు. ఆయన చేసినవాటి కోసం కొనేవారు ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు. వారిలో చాలామంది సేకర్తలే. అయినా ఆయన స్ప్రింగుల చప్పుడును, అంచు పదునును పని చాకుకు సరిపోయేలాగే సరిచూసేవాడు.

నార్‌ఫోక్ కత్తి ఈరోజు షెఫీల్డ్ కట్లర్స్ హాలులో ఉంది. అదే ఊళ్లో కెలమ్ ఐలండ్ మ్యూజియంలో కెన్ హాలీ అనే పనిముట్ల వర్తకుడు జీవితమంతా పోగుచేసిన సేకరణ ఉంది. మూతపడుతున్న కార్ఖానాల నుంచి ఆయన తెచ్చినవాటిలో సగం తయారైన బ్లేడులు, పనివారి చేతుల్లో అరిగిన పనిముట్లు, ఎవరూ కొనని నమూనాలు కలిసే ఉన్నాయి. షెఫీల్డ్ వెళ్లే తెలుగువారు మొదటిదాన్ని చూసి వచ్చేయకుండా రెండోదానికి కూడా ఒక పూట కేటాయించాలి.